పలక మీద ఇరవై రెండు

కాస్తెల్‌వెర్నోలో సెత్తీమియో బార్‌కి వెళ్తే, కాఫీ మిషన్ నెత్తిన గోడకి ఒక పలక వేలాడుతుంటుంది. దాని మీద సుద్దముక్కతో రాసిన అంకె ఒకే ఒకటి. కొత్తవాళ్లు దాన్ని చూసి ద్రాక్షసారా ధర అనుకుంటారు, లాటరీ నంబరు అనుకుంటారు. అదేం కాదు. సెత్తీమియో అక్క మొగుడు నేవియోకి ఇప్పటిదాకా ఎన్ని ఫుట్‌బాల్ క్లబ్బులు ఉద్వాసన చెప్పాయో ఆ లెక్క. ప్రపంచంలో ఏ మూల నేవియో ఉద్యోగం ఊడినా సరే, కబురు అందిన పూట సెత్తీమియో తడిగుడ్డతో పాత అంకె తుడిచి, కొత్తది వేసి, బార్‌లో ఉన్నవాళ్లందరికీ తలా ఒక గ్లాసు పోసేవాడు. అందుకనే ఊళ్లో సగం మంది నేవియో క్షేమసమాచారాలు అంత శ్రద్ధగా కనుక్కుంటూ ఉండేవారు.

ఈ కథ జరిగిన ఏడు ఆగస్టులో పలక మీద ఇరవై రెండు ఉంది.

ఇరవై రెండంటే మాటలు కాదు. కోచ్‌గా ఇరవై తొమ్మిదేళ్లు దేశాలు పట్టుకు తిరిగితే గానీ అంత సంపాదన రాదు. ఇటలీలో ఒక రూలుంది. ఒక సీజన్‌లో ఒక క్లబ్బు బెంచీ మీద కూర్చున్న కోచ్, అది పూర్తయ్యేదాకా దేశంలో ఇంకో బెంచీ ఎక్కకూడదు. నేవియోకి సాధారణంగా నవంబరులో, దొడ్డమనసున్న ప్రెసిడెంటు దొరికితే డిసెంబరులో, ఉద్వాసన అయ్యేది. జూన్ దాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే రకం కాడు గనక ఓడెక్కేవాడు. ట్యునీషియాలో తొలి మ్యాచ్ గెలవగానే నలుగురు బలశాలులు అతన్ని భుజాల మీద ఎత్తుకుని సముద్రం దాకా ఊరేగించి, బట్టలతో సహా నీళ్లలో ముంచి తీశారు. ఏడో వారం ఆ నలుగురే, ఆ దారినే, ఈసారి పెట్టెలతో సహా మోసుకొచ్చి ఓడలో దింపారు. మోతలో మాత్రం ఏ తేడా చూపలేదని, మొదటిసారి ఎంత మర్యాదగా మోశారో రెండోసారీ అంతే మర్యాదగా మోశారని నేవియో చెబుతుండేవాడు. మాల్టాలో ఆట సగమైనప్పుడు తీసేస్తే, మిగతా సగం టికెట్టు కొనుక్కుని చూశాడు. గ్రీసులో ఒక దీవిలో మంగళవారం తీసేశారు. పడవ వచ్చేది సోమవారం. ఆ ఆరు రోజులూ, తీసేసిన ప్రెసిడెంటు ఇంట్లోనే భోజనం. వడ్డించేటప్పుడు ఆ ప్రెసిడెంటు పెళ్లాం కంటతడి పెట్టేది. ఫిన్లాండులో మంచు కురిసి ఐదు నెలలు మైదానం కనపడలేదు. కరిగాక గానీ తమకొక కోచ్ ఉన్నాడని వాళ్లకి గుర్తు రాలేదు. గుర్తొచ్చిన రోజే తీసేశారు.

అయితే ఇన్ని చోట్లా ఒక వింత జరిగింది. తొలి మ్యాచ్ మాత్రం నేవియో గెలిచాడు. ఎక్కడైనా సరే, ఎవరి మీదైనా సరే. ఎండలో, మంచులో, బురదలో, ఒకసారి వడగళ్లలో కూడా. రెండో మ్యాచ్ అటూఇటూగా ఉండేది. మూడో దాన్నించి జారుడు మొదలు.

ఊళ్లో అతన్ని ‘సగం నేవియో’ అనేవారు. ఆ పేరు ఫుట్‌బాల్ వల్ల వచ్చింది కాదు. తాపీమేస్త్రీ అయిన తండ్రి, నేవియోకి పన్నెండేళ్లప్పుడు పెరట్లో పందులదొడ్డికి గోడ కట్టమని పని చెప్పాడు. నేవియో నడుము ఎత్తు దాకా కట్టి, అవతల బంతి శబ్దం వినపడగానే తాపీ అక్కడే పడేసి పోయాడు. తండ్రి ఆ గోడ పూర్తి చెయ్యలేదు, కూల్చనూ లేదు. వచ్చే పోయే వాళ్లకి చూపించడానికి అట్టే పెట్టాడు. తండ్రి పోయాడు, పందులు పోయాయి, గోడ ఉంది.

ఆ గోడ వారనే వసంతం రాగానే టమాటా నారు నాటాలని నేవియో భార్య ఇల్దె అనుకుంది. ఇల్దెకి ఒక దిగులు ఉండేది. మొగుడితో పాటు ఇరవై రెండు ఊళ్లు తిరిగింది. అడుగుపెట్టిన ప్రతి ఊళ్లోనూ కుండీలోనో, మెట్ల పక్కనో నాలుగు టమాటా మొక్కలు పెట్టింది. కాయ ఎర్రబడేసరికి తను ఎప్పుడూ అక్కడ లేదు. ఆవిడ టమాటాలు ఏడు దేశాలవాళ్లు తిన్నారు, ఆవిడ తప్ప.

అందుకే ఆ ఆగస్టులో సొంత ఊరి క్లబ్బు నేవియోని పిలిస్తే, సంతకాలప్పుడు ఇల్దె కూడా వెళ్లింది. క్లబ్బు ప్రెసిడెంటు ఉబాల్దో అకార్డియన్లు తయారుచేసే ఫ్యాక్టరీ యజమాని. కోచ్‌ని మార్చడం ఆయనకి చొక్కా మార్చినంత పని. పైగా శకునాల పిచ్చి. జేబులో ఎర్ర పగడపు కొమ్ము, మెళ్లో ఇంకోటి, కారు తాళాలకి ఇంకోటి. చెడ్డమాట చెవిన పడితే చాలు, చెయ్యి దానంతటదే దగ్గర్లో ఉన్న ఇనుము కోసం వెతుక్కుంటుంది, ఇనుము పట్టుకుంటే కీడు తగలదట.

ఇల్దె ఆయనతో ఒకటే మాట చెప్పింది. పైన ఉన్నా, అడుగున ఉన్నా, ఆఖరి మ్యాచ్ అయ్యేదాకా తన మొగుణ్ణి కదపకూడదు. ఒక్క సీజన్, మొదటినించి చివరిదాకా పూర్తి చేసి ఇంట్లో కూర్చుంటాడు. ఉబాల్దో కిటికీ ఊచ పట్టుకుని మరీ మాటిచ్చాడు. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి ఇల్దె మొగుడితో ఇంకో మాట చెప్పింది.

“ఇక్కడా ఉద్వాసన అయిందనుకో, మళ్లీ ఏ దేశం నించో ఫోనొస్తుంది, నువ్వు రెక్కలు కట్టుకుని పోతావు. ఈసారి ఒక్క పెట్టే సర్దుతాను నేవియో. నీది.”

ఇల్దె ఉత్తుత్తి బెదిరింపుల మనిషి కాదు. అది నేవియోకి తెలుసు.

సెప్టెంబరులో తొలి మ్యాచ్. మూడు గోల్స్‌తో గెలిచారు. ఊరంతా అకార్డియన్లు మోగాయి. తర్వాత సంగతి చెప్పేదేముంది, జారుడే. మే నెలాఖరుకి కాస్తెల్‌వెర్నో పట్టికలో అడుగునించి మూడోది. వరసగా తొమ్మిది మ్యాచ్‌లనించి గెలుపు మొహం చూడలేదు. ఇక మిగిలింది ఒక్క ఆదివారం, ముప్పై నాలుగో మ్యాచ్. గెలిస్తే మూడో డివిజన్‌లో నిలుస్తారు. లేకపోతే పాలవాడూ పోస్టుమానూ ఆడుకునే లీగులోకి పోతారు, అరవై ఏళ్లలో మొదటిసారి.

ఆ తొమ్మిది వారాలూ ఉబాల్దో పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. ఇంకో ఏడైతే ఈపాటికి నలుగురు కోచ్‌లు మారేవాళ్లు. ఇచ్చిన మాట గొంతుకి అడ్డం పడింది. కోచ్‌ని మార్చలేక మిగతావన్నీ మార్చాడు. బస్సు డ్రైవరుని మార్చాడు. చొక్కాలు ఉతికే ఆవిణ్ణి మార్చాడు. మైదానం కాపలా కుక్కని బావమరిది పొలానికి పంపేసి ఇంకో కుక్కని తెప్పించాడు. అదొచ్చిన మర్నాడే గోల్‌కీపర్ని కరిచింది. చివరికి దిష్టి పోవడానికి రెండు గోల్‌పోస్టుల దగ్గరా తలా ఒక బస్తా ఉప్పు చల్లించాడు. దిష్టి సంగతేమో గానీ గడ్డి మాత్రం పోయింది.

గురువారం పొద్దున ఉబాల్దో నేవియోని ఫ్యాక్టరీకి రమ్మన్నాడు. అకార్డియన్లకి శ్రుతి సరిచేసే గదిలో కూర్చోబెట్టి తలుపేశాడు. ఆ గదిలో ఇద్దరు పనివాళ్లు పొద్దస్తమానం ఒకే స్వరం లాగుతూ ఉంటారు, లోపలి మాట బయటికి వినపడదు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్లే, కానీ ఉబాల్దో తన కుర్చీలో ఉన్నంతసేపూ ప్రెసిడెంట్ గారూ అనాల్సిందే.

“నువ్వు ఇప్పటిదాకా ఎన్ని తొలి మ్యాచ్‌లు ఆడించావు?” అనడిగాడు ఉబాల్దో.

“ఇరవై మూడు, ప్రెసిడెంట్ గారూ.”

“ఓడినవి?”

“లేవు.”

“సీజన్ చివరి మ్యాచ్‌లు ఎన్ని గెలిచావు?”

చివరి మ్యాచ్ దాకా ఏ క్లబ్బులోనైనా ఉంటే కదా గెలవడం.

“ఆదివారం మనకి చివరి మ్యాచ్. నీకు అలవాటు లేని సరుకు. నీకు అలవాటైంది తొలి మ్యాచ్. కాబట్టి ఆదివారాన్ని తొలి మ్యాచ్ చేసేద్దాం. శనివారం మధ్యాహ్నం నిన్ను తీసేస్తాను. ఆదివారం పొద్దున మళ్లీ పెట్టుకుంటాను. కొత్త కోచ్, కొత్త ఆదివారం.”

తీసేసిన కోచ్‌ని మళ్లీ పిలవడం ఆ దేశంలో వింతేం కాదు. పక్క ఊరి క్లబ్బు ఒకే మనిషిని ఒకే ఏడు మూడుసార్లు తీసేసి మూడుసార్లు పిలిచింది. కాకపోతే మధ్యలో ఏ రెండు నెలలో పట్టేది. ఇరవై గంటల్లో పని ముగించాలన్న ఆలోచన ఉబాల్దోకే వచ్చింది.

నేవియోకి ఇల్దె మొహం గుర్తొచ్చింది. ఆ తర్వాత పెట్టె గుర్తొచ్చింది. “ఒరేయ్ ఉబాల్దో, నువ్వు మా ఆవిడకి మాటిచ్చావు. ఊచ పట్టుకుని ఇచ్చావు” అన్నాడు.

“అందుకే తీసేస్తున్నానని చెప్పకుండా, తీసెయ్యనా అని అడుగుతున్నాను. జన్మలో ఎవర్నీ ఇలా అడగలేదు” అన్నాడు ఉబాల్దో. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వారం రోజులుగా నిద్ర లేని కళ్లు. “మా నాన్న ప్రెసిడెంటు, మా తాత ప్రెసిడెంటు. క్లబ్బుని కింద పారేసినవాడు ఉబాల్దో అని పేరొస్తుంది రా.”

నేవియో అక్కణ్ణించి తిన్నగా బార్‌కి పోయాడు. సంగతి అతనికన్నా ముందే వచ్చి కూర్చుని ఉంది. శ్రుతి గది పనివాళ్లు స్వరం లాగుతారే గానీ చెవులు మూసుకోరు కదా. పేకాట బల్ల దగ్గర నలుగురూ ముక్కలు దించేసి ప్రెసిడెంటు పక్షమే మాట్లాడారు. శాస్త్రం అలాగే ఉందన్నాడొకడు. ఇరవై మూడింటికి ఇరవై మూడంటే అది అదృష్టం కాదు, వైద్యం అన్నాడు ఇంకొకడు. సెత్తీమియో అయితే అప్పుడే తడిగుడ్డ చేతిలోకి తీసుకున్నాడు.

“సంతోషంగా కనిపిస్తున్నావే” అన్నాడు నేవియో.

“నీ మీద ప్రేమ బావా. ఇరవై రెండు సరిసంఖ్య, చూడ్డానికి చప్పగా ఉంది. ఇరవై మూడుకి ఒక అందం ఉంటుంది.”

“మీ అక్క నన్ను పంపేస్తే నీ ఇంటికే వస్తాను.”

సెత్తీమియో గుడ్డ కింద పెట్టేశాడు.

ఇంటికి వెళ్లేసరికి ఇల్దె టమాటా మొక్కలకి రెల్లుకర్రలు పాతి, పాత మేజోళ్ల ముక్కలతో కట్లు కడుతోంది. నేవియో సగం గోడ మీద కూర్చుని అంతా చెప్పాడు. ఆవిడ అరుస్తుందనుకున్నాడు. కర్ర పుచ్చుకుంటుందేమోనని కాస్త ఎడంగానే కూర్చున్నాడు కూడా. ఆవిడ కట్టు ముడివేసి, పళ్లతో దారం తెంపి, నింపాదిగా అడిగింది.

“కాయితం ఎవరు తెస్తారు?”

“సెక్రటరీ ఫోస్కో. రెండు కాయితాలూ ఒక్క కవర్లోనే. తీసేసింది, మళ్లీ పెట్టుకుంది. నేను సంతకం చేసిస్తే వాడు లీగు ఆఫీసుకి రిజిస్టరు పోస్టు చేస్తాడు.”

“ఎన్నింటికి?”

“శనివారం మధ్యాహ్నం.”

“భోజనానికే రమ్మను. పాపం, ఒంటరివాడు.” ఇంకో మొక్క దగ్గరికి జరిగింది. “క్లబ్బు నిలవాలంటే చెయ్యాల్సింది చెయ్యి. కానీ చేసేదేదో సరిగ్గా చెయ్యి. కుర్రాళ్ల దగ్గర సెలవు తీసుకోవడం నిజంగా తీసుకో. ఏడుపొస్తే ఏడువు. ఆదివారం వెళ్లేటప్పుడు నిజంగానే కొత్తవాడిలా వెళ్లు. వాళ్ల పేర్లు కూడా నీకు తెలియవన్నమాట.”

అంతే. ఇంకో మాట లేదు. నేవియోకి ప్రాణం లేచి రావాలి, కానీ చివుక్కుమంది. అంత గట్టి పట్టు ఆవిడ ఇంత తేలిగ్గా వదిలేసిందంటే, పెట్టె ఎప్పుడో సర్దేసి ఉంటుందని అనుమానం పుట్టింది. ఆవిడ లోపలికి వెళ్లగానే చాటుగా మంచం కింద చూశాడు. పెట్టె ఖాళీగానే ఉంది. ఖాళీగా ఉన్నందుకు ఇంకా భయమేసింది.

శనివారం మైదానంలో నేవియో ఆటగాళ్లందరినీ కూర్చోబెట్టి సెలవు తీసుకున్నాడు. నటిద్దామనుకునే మొదలుపెట్టాడు. నాలుగో మాటకి ఏడుపు నిజమైంది. ఇరవై రెండు చోట్ల సెలవు తీసుకున్నాడు గానీ ఎక్కడా ఏడవలేదు. ఇది తన ఊరు. ఆటగాళ్లలో వెనకవరసలో ఆడే సాంతె అనే భారీ మనిషి, ఆరడుగుల పైన మూడంగుళాలు, అతన్ని కావిలించుకుని, “మిస్టర్, మావల్లే ఇదంతా” అని వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్కడ ఆటగాళ్లు కోచ్‌ని మిస్టర్ అనే పిలుస్తారు. ఈ సాంతెనే నేవియో ముప్పై మూడు వారాలు మైదానం సగం గీత దాటనివ్వలేదు. వాడికి బంతి పట్టుకుని ముందుకు ఉరకడం పిచ్చి. నేవియోకి ఆ పిచ్చి కుదర్చడం పిచ్చి. ప్రతి ఆదివారం గంటన్నరలో కనీసం డెబ్బైసార్లు “సాంతె, వెనక్కి” అన్న కేక కొండ అవతలి ఊరికి కూడా వినపడేది. అక్కడివాళ్లు ఆ కేకని బట్టి టైము చూసుకునేవారట.

మధ్యాహ్నం సెత్తీమియో పలక తుడిచి ఇరవై మూడు వేశాడు. అందరికీ గ్లాసులు పోశాడు. కానీ మామూలుగా లేచే కేకలు ఈసారి లేవలేదు. తాగేసి, గ్లాసులు బోర్లించి, ఎవరి ఇంటికి వాళ్లు పోయారు.

కుర్రాళ్లు వదలక నేవియో సాయంత్రం ఇల్లు చేరేసరికి ఫోస్కో వచ్చి వెళ్లిపోయాడు. కవరు ఏదని అడిగితే ఇల్దె, ఆదివారం గడవనీ, తర్వాత సంతకం చేద్దువులే, ఫోస్కో ఒప్పుకున్నాడు అంది. నేవియోకి ఆ కవరు కళ్లచూడాలని కూడా లేదు. అడగడం మానేశాడు.

ఆదివారం పొద్దున అతను పెళ్లిళ్లకి వేసుకునే కోటు వేసుకుని డ్రెస్సింగ్ రూముకి వెళ్లాడు. తలుపు దగ్గర ఆగి టోపీ తీశాడు.

“నా పేరు నేవియో. ఇవాళే చేరాను. మీరెవరో నాకు తెలియదు. ఒక్కొక్కరూ పేరూ, ఏం బాగా చేస్తారో చెప్పండి.”

నిన్న ఏడ్చిన కళ్లు ఇవాళ గుడ్లప్పగించాయి. గోల్‌కీపరు ముందుగా తేరుకుని, పేరు చెప్పి, ఎత్తు బంతులు పడతాను, కుక్కలంటే భయం అన్నాడు. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. తొమ్మిది వారాల తర్వాత ఆ గదిలో అదే మొదటి నవ్వు. సాంతె వంతు వచ్చింది.

“మిస్టర్, నేను సాంతెని. నిన్ననే కదా...”

“నిన్న నేను ఊళ్లో లేను నాయనా. నువ్వేం బాగా చేస్తావు?”

సాంతె అటూ ఇటూ చూసి, తప్పు చేసినవాడిలా చెప్పాడు. “బంతి దొరికితే ముందుకు ఉరకడం ఇష్టం.”

నేవియో నాలుక చివర దాకా వచ్చిన మాటని పళ్లతో పట్టుకున్నాడు. కొత్తవాడికి ఏం తెలుసు. “అయితే ఉరుకు” అన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకి ఆట మొదలైంది. అవతలివాళ్లు సముద్రపు ఒడ్డునించి వచ్చిన పోర్తో మరెల్లో జట్టు. పట్టికలో రెండో స్థానం. తొలి ఐదు నిమిషాల్లోనే సాంతె బంతి పట్టుకుని సగం గీత దాటేశాడు. నేవియో బెంచీ మీంచి లేచాడు. నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి పేరు రావాలి. పేరు తనకి తెలియదు. బెంచీ మీద కూర్చున్న కుర్రాళ్లందరూ అతని నోటికేసి చూస్తున్నారు, కొత్త కోచ్ ఏమంటాడా అని. నేవియో నోరు మూసుకుని కూర్చున్నాడు. అర గంటకి మళ్లీ లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీదే కూర్చుని, కిందిపెదవి కొరుక్కుంటూ చూశాడు. కొండ అవతలి ఊళ్లో ఆ రోజు ఎవరికీ టైము తెలియలేదు.

అరుపు లేకపోయేసరికి మైదానంలో వింతలు మొదలయ్యాయి. ఎడమపక్క ఆడేవాడు కుడిపక్కకి వెళ్లి అక్కడ తనకి బాగుందని అక్కడే ఉండిపోయాడు. ముసలి సెంటర్ ఫార్వర్డు పరుగెత్తడం మానేసి, ఉన్నచోటే నిలబడి, వచ్చిన బంతిని అరచేత్తో పెట్టినట్టు పంచసాగాడు. అవతలివాళ్లకి ఎవరెక్కడ ఉంటారో అంతుపట్టలేదు. వాళ్ల సంగతి సరే, నేవియోకే అంతుపట్టలేదు. ఉబాల్దో పెద్దల గ్యాలరీలో ఇనుప కటకటాలు రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, పక్కవాడి చేత ఆట చెప్పించుకుంటున్నాడు.

ఇంకో ఏడు నిమిషాలుందనగా సాంతె తన గోల్ దగ్గర బంతి అందుకున్నాడు. సగం గీత దాటాడు. ఒకణ్ణి తప్పించాడు. రెండోవాణ్ణి తప్పించలేదు, వాడే పక్కకి తప్పుకున్నాడు, ఎద్దు వస్తే ఎవడైనా అదే చేస్తాడు. ఉప్పుకి మాడిపోయిన బోడి నేల దాకా వెళ్లి కొట్టాడు. గడ్డి ఉంటే బంతి ఆగేదే. గడ్డి లేని ఆ నేల మీద అది జర్రున జారి, గోల్‌కీపరు కాళ్ల మధ్యనించి లోపలికి పోయింది. తన ఉప్పే గెలిపించిందని ఉబాల్దో ఇప్పటికీ అంటాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

ఒకటి సున్నా. కాస్తెల్‌వెర్నో నిలిచింది. ఫ్యాక్టరీలోంచి తెచ్చిన నూట నలభై అకార్డియన్లు వీధిలో ఒక్కసారి మోగాయి, శ్రుతి చేసినవీ చెయ్యనివీ కలిపి. నేవియోని కూడా నలుగురు భుజాల మీద ఎత్తుకున్నారు. అతను వాళ్ల మొహాలు జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నాడు, ట్యునీషియా మరచిపోలేదు మరి.

సోమవారం పొద్దున్నే నేవియో పెరట్లో సగం గోడ మీద కూర్చున్నాడు. ఊరంతా సంబరంలో ఉంటే తనకి కాఫీ చేదుగా ఉంది. ఊరు నిలిచింది, పలక మీద ఇరవై మూడు పడింది. జన్మలో ఒక్క ఏడు, ఒకే ఒక్కటి, మొదలుపెట్టి చివరిదాకా చేద్దామనుకున్నాడు. అది కూడా శనివారం మధ్యాహ్నం దగ్గర తెగి, ఆదివారం పొద్దున అతుకు పడింది. అతుకు అతుకే. ఇల్దె టమాటా మొక్కలకి నీళ్లు పోస్తోంది.

“పెట్టె ఎప్పుడు సర్దుతావు?” అనడిగాడు.

ఆవిడ చెంబు కింద పెట్టి, ఏప్రాను జేబులోంచి కవరు తీసి అతని ఒళ్లో పడేసింది. అంటించిన కవరు అంటించినట్టే ఉంది. మూల ఒకచోట టమాటా సాసు మరక. నేవియో చింపి చూశాడు. రెండు కాయితాలు. ఒకదాని మీద శనివారం తారీఖు, రెండోదాని మీద ఆదివారం తారీఖు. రెండింటి అడుగునా అతను సంతకం పెట్టాల్సిన గీత ఖాళీగా ఉంది.

“మరి ఫోస్కో దీన్ని ఇక్కడే ఎందుకు వదిలేసి పోయాడు?”

“ఫోస్కో నా సాసు పొరల వించిస్‌గ్రాస్సి మూడు పళ్లేలు తిన్నాడు. ఆ మీద కుందేలు మాంసం తిన్నాడు. అర లీటరు ఎర్ర వైను తాగి కుర్చీలో గుర్రుపెట్టాడు. లేచేసరికి పోస్టాఫీసు మూసేశారు. ఇది బయటపడితే ఉబాల్దో తనని తీసేస్తాడని వాడికీ తెలుసు. వాడు చచ్చినా చెప్పడు.”

నేవియో కాయితాలని తిప్పి తిప్పి చూశాడు. “సంతకం లేదు. పోస్టు కాలేదు. అంటే శనివారం నన్నెవరూ తీసెయ్యలేదు.”

“ఎవరూ తీసెయ్యలేదు.”

“ఆదివారం నన్నెవరూ పెట్టుకోలేదు.”

“ఉన్నవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు?”

“అంటే నిన్నటిది నా తొలి మ్యాచ్ కాదు.”

“ముప్పై నాలుగోది” అంది ఇల్దె. “చివరిది.”

నేవియో కవరుని మళ్లీ ఎత్తి చూశాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా తన నుదుట ఏదో రాసి ఉందనీ, తొలి ఆదివారాలు దేవుడు ఇచ్చాడనీ, మిగతావి దెయ్యం పట్టుకుపోయిందనీ నమ్మినవాడు. ఇప్పుడు దేవుడూ లేడు, దెయ్యమూ లేదు, కవరు మీద సాసు మరక ఉంది.

“మరి ఎలా గెలిచాం?”

“నోరు మూసుకున్నావు గనక” అంది ఇల్దె. “కొత్త ఊళ్లో మొదటి వారం నీకు ఎవరి పేరూ తెలియదు, అరవలేవు. వాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు హాయిగా ఆడి గెలుస్తారు. రెండో వారానికి సగం పేర్లు నేర్చుకుంటావు. మూడో వారానికి అందరివీ వచ్చేస్తాయి. ఇంక వాళ్ల బతుకు వాళ్లని బతకనివ్వవు.”

“ఇది నీకు ఎప్పణ్ణించి తెలుసు?”

“మాల్టానించి.”

“మాల్టా ఐదోది కదా. ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“చెప్పాను. నువ్వు అరుస్తున్నావు, వినపడలేదు.”

ఆ మాట అని ఆవిడ ఏప్రాను విప్పకుండానే, చెప్పులైనా మార్చుకోకుండానే వీధిలోకి నడిచింది. తిన్నగా తమ్ముడి బార్‌కి. ఆ వేళప్పుడు ఆడవాళ్లు అటు రారు. ఆవిడ అడుగుపెట్టగానే పేకాట బల్ల దగ్గర ముక్కలు గాల్లోనే ఆగిపోయాయి. ఇల్దె ఎవరినీ పలకరించలేదు. కౌంటరు వెనక్కి వెళ్లి, కుర్చీ లాక్కుని ఎక్కి, ఏప్రాను అంచుతో పలక మీది మూడుని తుడిచేసింది. సుద్దముక్క తీసుకుని ఆ ఖాళీలో రెండు వేసింది.

“ఏంటక్కా ఇది, శనివారం అందరికీ గ్లాసులు కూడా పోశాను కదా” అన్నాడు సెత్తీమియో.

“నీ లెక్క తప్పు” అంది ఇల్దె. “ఎక్కడ తప్పో నువ్వే వెతుక్కో.”

అదుగో, అప్పటినించీ వెతుక్కుంటూనే ఉన్నారు. బార్‌లో రెండు పార్టీలు అయ్యాయి. ఉద్వాసన అయినట్టు తమ కళ్లతో చూశామని, సాంతె ఏడవడం కూడా చూశామని ఇరవై మూడు పార్టీ. ఇల్దె ఊరికే కుర్చీ ఎక్కే మనిషి కాదని ఇరవై రెండు పార్టీ. ఫోస్కోని అడిగితే కుందేలు మాంసం చాలా బాగుందంటాడు, అంతకు మించి ఒక్క ముక్క రాదు. ఉబాల్దో అయితే తన వైద్యం మీద ఎంత గురి పెట్టుకున్నాడంటే, మరుసటి ఏడు వచ్చిన కోచ్‌ని ప్రతి శనివారం తీసేసి ప్రతి ఆదివారం పెట్టుకున్నాడు. ఆ కోచ్ వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడి, ఐదో శనివారం తీసేసినప్పుడు ఆదివారం దాకా ఆగకుండా రైలెక్కేశాడు.

నేవియోకి ఆ జులైలో రెండు ఫోన్లు వచ్చాయి, ఒకటి సైప్రస్ నించి, ఇంకోటి ఎక్కడో పేరు కూడా పలకలేని చోటు నించి. రెండుసార్లూ అతను పెరట్లోంచే వద్దని చెప్పించాడు. చేతులు ఖాళీ లేవు మరి, తండ్రి గోడ పూర్తి చేస్తున్నాడు. రోజుకి రెండు వరసలు కట్టేవాడు. ఇల్దె పక్కన కుర్చీ వేసుకుని, మొక్కనించి కోసిన టమాటాని చేత్తోనే విరిచి ఉప్పద్దుకుని తింటూ, ఒక్కో ఇటుకా వంకరగా ఉందని చెబుతుండేది. అతను నోరు మెదపకుండా సరిచేసేవాడు. గోడ తిన్నగానే వచ్చింది.